పదకొండో గీత

ప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. రెండు నెలలుగా నాకు చెప్పుకోలేని చోట పులిపిర్లు. ఆయనకూ ఉన్నాయి. నా వల్లే అంటుకున్నాయంటున్నారు. అత్తగారు నా కంచం, గ్లాసు విడిగా పెట్టేశారు.

డాక్టరమ్మ ఇద్దరివీ చిన్న ముక్కలు తీసి రెండు సీసాల్లో పెట్టింది. ఏ రకం వైరస్సో మీ లేబొరేటరీలో తేలుస్తారట కదా. "మీ అక్క చెప్తే ఒప్పుకుంటా" అని ఆయనే అన్నారు. ఆయన తప్ప నాకు ఇంకో మగాడు తెలియదక్కా. నీకు ఆ సంగతి చెప్పాల్సిన పని లేదు. నా పేరు మాత్రం రిజిస్టర్లో ఎక్కనివ్వకు, నలుగురి నోళ్ళలో పడతాను.

నీ గయ్యాళి చెల్లి

*

నా గయ్యాళికి,

నిన్న అందరూ భోజనానికి వెళ్ళాక నీ పని చేశాను. నంబర్లున్న సన్నటి పట్టీ ఉంటుంది. ఏ రకం ఉంటే ఆ నంబరు దగ్గర ఊదారంగు గీత తేలుతుంది. మరిదిగారి పట్టీ మీద ఆరో నంబరు ఒక్కటే తేలింది. నీ దాని మీద ఆరు, పదకొండు రెండూ వచ్చాయి. ఇవి క్యాన్సర్ తెచ్చే రకాలు కావు, ఆ భయం పెట్టుకోకు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ యంత్రమూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి ఒంట్లో దాక్కునే రకం ఇది. ఒక్క మనిషి నుంచే రెండూ రావచ్చు.

అయినా అక్కను కనుక అడుగుతున్నాను. ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే నాకైనా చెప్పు, కోప్పడను.

ప్రేమతో, అక్క

*

అక్కకు,

దాచాల్సిందేమీ లేదనుకుని నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. "రెండు నంబర్లు, ఇద్దరు మగాళ్ళు" అన్నారు. అత్తగారికి చదవడం రాదు కదా, నీ ఆఖరి మాటలు ఆయనే చదివి వినిపించారు. "తోడబుట్టినదానికే నమ్మకం లేకపోతే మనమేం నమ్మాలి" అందావిడ.

ఇంట్లోంచి పంపేశారు. నేను గుండీలు కుట్టే దుకాణం వెనక గదిలో, గుడ్డల మూటల మధ్య ఉంటున్నాను. నువ్వడిగిన దానికి జవాబు, లేరు.

చెల్లి

*

నా బంగారు చెల్లికి,

నీ పరీక్ష నేను సరిగ్గా చెయ్యలేదు. ప్రతి పరీక్షలోనూ ముక్కలు వేసిన గొట్టాల పక్కన ఉత్త నీళ్ళు పోసిన గొట్టం ఒకటి పెడతాం. అందులో గీత వచ్చిందంటే ఎక్కడో కల్తీ అయినట్టే, మొత్తం పారేసి మళ్ళీ చెయ్యాలి. పద్నాలుగేళ్ళుగా కొత్తవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నేనే. ఆ రోజు పెట్టలేదు, దానికీ ఒక పట్టీ కావాలి. రెండు పట్టీలు పాడైపోయాయని చెప్పి తప్పించుకోవచ్చు, మూడోది కూడా తగ్గితే అడుగుతారని భయపడ్డాను.

మిగిలిన నీ ముక్కతో మళ్ళీ మూడుసార్లు చేశాను, ఈసారి రిజిస్టర్లో రాసి, నీళ్ళ గొట్టం పెట్టి. మూడుసార్లూ ఆరు ఒక్కటే వచ్చింది. ఆ పదకొండు అంతకుముందు నేను పరీక్షించిన ఎవరిదో. నా చేతుల మీదుగా నీ గొట్టంలో పడింది. మా లేబొరేటరీ పెద్దాయన సంతకంతో కొత్త రిపోర్టు పంపుతున్నాను. నేనే వచ్చి వాళ్ళ కాళ్ళు పట్టుకుని చెప్తాను. నన్ను క్షమించు.

నీ అక్క

*

అక్కకు,

రావద్దు. రిపోర్టు ఆయన చూశారు. "చెల్లెలి కాపురం కోసం అక్క గీత చెరిపేసింది" అన్నారు. రెండు గీతలప్పుడు నువ్వు సత్యవంతురాలివి, ఒక్క గీతకొచ్చేసరికి దొంగవి. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. ఇంతకీ ఆయన ఆరో నంబరు ఎక్కడిదని ఎవ్వరూ అడగలేదు. నువ్వూ అడగలేదు.

నీళ్ళ గొట్టం పెట్టలేదని నాకు కోపం లేదు. నా పేరు దాచబోయి ఆ తప్పు చేశావు. కానీ ఒక్క మనిషి నుంచే రెండూ రావచ్చని రాసింది నువ్వే, ఆ కిందే నన్ను అడిగిందీ నువ్వే. ఆయనకు ఈ చదువు లేదనుకోవచ్చు. నీకు అంతా తెలుసు.

గీత కనబడగానే నన్ను నమ్మడం మానేసి, గీత పోయాక మళ్ళీ నమ్ముతున్నావు. ఆ నమ్మకం నాకు వద్దు. పులిపిర్లకు డాక్టరమ్మ మందు పూస్తోంది, తగ్గుతున్నాయి. ఇక నన్ను గయ్యాళి అని పిలవకు.

సీసా మీద నువ్వు పేరు రాయని మనిషి