అడగకుండా అతికిన పడుగు

ప్రొద్దుటూరు,
ఆదివారం.

అమ్మ పోయాక అమ్మవైన మా సుబ్బక్కకు, తమ్ముడు ఓబులేసు కాళ్లకు మొక్కి రాసేది. నేను ఇక్కడ బాగున్నాను. లింగాలలో నువ్వు, బావ, మీ అత్తమ్మ, నా మేనల్లుడు బంగారుకొండ అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. పిల్లోడికి పళ్లొచ్చాయా? గోడ పట్టుకొని నిలబడుతున్నాడా? నీ జాబులో అవేమీ రాయలేదు.

నాకేమీ తక్కువ లేదక్కా, దిగులుపడొద్దు. ఎండలు మాత్రం మండిపోతున్నాయి. మగ్గం గుంతలో కాళ్లు చల్లగానే ఉంటాయి, నడుము పైనుంచే ఉడికిపోతాను. పూటకూళ్లమ్మ సంకటి బాగానే పెడుతుంది గానీ, ఆమె ఊరిబిండిలో చింతపండు తప్ప శెనగవిత్తనం కంటికి కనిపించదు. పులివెందుల బస్సులో ఎవరైనా వస్తుంటే నీ చేతి ఊరిబిండి కాస్త పంపు. పగలంతా పది మగ్గాల చప్పుడు. అది ఆగితే మాట్లాడటానికి పక్క మగ్గం ఖాదర్ మామ తప్ప నాకెవరూ లేరు. అయినా బాగున్నాను.

ఇక అసలు సంగతి. రేపు గాక పై సోమవారం అల్లుడి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నామనీ, మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి గనుక ముందురోజుకే రమ్మనీ రాయించావు. చివర "బిడ్డను చూడల్లనే ఉబలాటం నీకు లేదేంరా?" అని అడిగావు. ఆ ఒక్క మాట నన్ను కూర్చోనీయలేదు, నిలబడనీయలేదు. ఉబలాటం లేక కాదక్కా. ఆ ఉబలాటమే నా కొంప ముంచింది.

అమ్మ ఉన్నప్పుడు నన్ను ఈ మాటతోనే తిట్టేది, గుర్తుందా? గుగ్గిళ్లు ఉడకకముందే కుండలో చెయ్యి పెడితే "ఏం ఉబలాటంరా నీకు, సచ్చినోడా!" అనేది. వంకకు నీళ్లొచ్చాయని వినగానే అందరికంటే ముందు ఉరికితే "వీనికి ఉబలాటమెక్కువ, ఓర్పు తక్కువ" అనేది. ఇక్కడ అదే మాటతో మెచ్చుకుంటారు. వచ్చిన కొత్తలో మా మగ్గాల షావుకారు పదిమంది ముందర "ఉబలాటమంటే ఈ లింగాలోనిదేనప్పా! చెప్పకముందే చేస్తాడు" అన్నాడు. ఆ పూట సంకటి కూడా తియ్యగా తోచింది. అప్పటినుంచి ఆ మాట కోసం అడగని పని కూడా మీదేసుకుంటున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను.

పోయిన వారం నా మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోవచ్చింది. అది నేసి ఇచ్చేస్తే నాలుగు రోజులు ఊరికి రావచ్చు. కొత్త పడుగు ఎక్కించమని ఎవరూ అనలేదు. మూలన చుట్టగా పెట్టి ఉంటే చూశాను, అంతే, చేతులు ఊరుకోలేదు. పాత పోగుల చివరలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికాను. రెండు రోజులు పట్టింది. ఖాదర్ మామ పేక నేసే నాడె ఆపి, "ఏం జేస్తాండావురా? ఎవురు జెప్పినారు నీకు? ఊరికి పోతానంటివే!" అన్నాడు. నవ్వి ఇంకో పోగు అందుకున్నాను. షావుకారు వచ్చి భుజం తట్టి పోయాడు. ఆ మరునాడే నీ జాబు అందింది.

పడుగు అతికినవాడే నేసి దించాలి, ఇక్కడి కట్టుబాటు అది. మధ్యలో ఇంకొకరి చెయ్యి పడితే బిగువు మారి, బట్టలో తెలిసిపోతుంది. ఇరవై రోజుల పని ఉంది. అయినా వెళ్లి అడిగాను. షావుకారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"పడుగెక్కిండేది చూసినాకనే జమ్మలమడుగు పెండ్లోళ్లకు చీరలిస్తానని మాటిచ్చినా. నాలుగు దినాలు మగ్గం నిలబెడితే యాడ నుంచి తెచ్చేది? నేనేమన్నా ఎక్కీమని అడిగినానా? నీ ఉబలాటమే గదప్పా" అన్నాడు.

నన్నెవరూ కట్టెయ్యలేదు. గుంతలో దిగి కూర్చుంటే ఎదురుగా ఆ పోగులే, ప్రతిదీ నా వేళ్లతో నేనే ముడిపెట్టుకున్నది. ఎవరితో కొట్లాడాలో కూడా తెలియడం లేదక్కా.

నేను రాకుంటే పెద్దనాయన కొడుకు నాగన్న ఒడిలో కూర్చోబెడతామని బావ రాశాడు. పదకొండో నెల దాటనీయకూడదని మీ అత్తమ్మ అన్నదీ నిజమే. కూర్చోబెట్టండి. నాకు కోపం లేదు. కోపం లేదు గానీ, ఏడుపొచ్చింది. వాడు కూర్చోవలసింది నా ఒడిలో.

బావకూ, మీ అత్తమ్మకూ నా దండాలు చెప్పు. నన్ను మరిచిపోకుండా దీవించు. నేను బాగున్నాను, నిజంగానే బాగున్నాను.

ఈ కవరులో ఒక మొలతాడు పెట్టాను. అతికేటప్పుడు మిగిలిన పోగులు ఏరి, పేని, నల్లరంగు పట్టించాను. తొట్లెలో వేసిననాడు వాడి నడుము నా రెండు చేతుల్లో ఇమిడింది కదా, ఆ కొలతకే పేనాను. ముడి వేశాక గుర్తొచ్చింది, వాడు పెరిగి ఉంటాడని. చాలకపోతే చేతికి కట్టు.

నీ తమ్ముడు,
ఓబులేసు