ఖాదర్ భాయి బెంచీ మీద తరవాణి

మార్చి 5, 1979. సోమవారం

నాకు చక్కెర జబ్బట. నోటిలో ఏనాడూ లేనిది నెత్తురులో ఉందట. చెప్పినవాడు నిన్నగాక మొన్న మీసం మొలిచిన మా పోర్టు డిస్పెన్సరీ డాక్టరు. రోజూ ఏం తాగుతావన్నాడు. పొద్దున ఆరెంజి సోడా, మధ్యాహ్నం ఆరెంజి సోడా, క్రేన్ దిగాక ఇంకో రెండు కలరు సోడాలు అన్నాను. కలం కింద పెట్టేశాడు.

ఏప్రిల్ ఆఖర్లో మళ్ళీ నెత్తురు తీస్తాడట. తగ్గకపోతే నన్ను క్రేన్ నుంచి దించెయ్యమని రాస్తాడట. పైన నాకు తల తిరిగితే కింద ఉన్నవాళ్ళ గతేమిటని అడిగాడు. అడిగింది న్యాయమే. అందుకే ఇంకా కోపం.

ఆ కేబిన్‌లోంచి చూస్తే యారాడ కొండ కూడా నా భుజం దాకానే. నేల మీద నేనెవణ్ణి? తాళ్ళు చుట్టుకునే ముసలాణ్ణి. దిగను.

మార్చి 6

మా ఆవిడ పైడమ్మ ఏడ్చింది. ఏడ్చి బెల్లం డబ్బా దాచింది. దాని అన్న అప్పన్న బావ మాత్రం పడీ పడీ నవ్వాడు. నా సిగ్నల్‌మేన్ కూడా వాడే. కింద వాడి బొటనవేలు పైకి లేస్తే నేను బరువు ఎత్తాలి, అరచెయ్యి కిందికి ఊపితే దించాలి. పదిహేనేళ్ళుగా వాడి చెయ్యే నా బుర్ర.

"నువ్వు కలరు మానీడవేటి బావా. సముద్రం ఉప్పు మానీసినట్టుంటాది."

చూస్తావుగా.

మార్చి 7

మానేశాను. అంతే.

మార్చి 8

తలనొప్పి. అందరి మీదా కోపం. గోడ మీద కాకి మీద కూడా.

మార్చి 11. ఆదివారం

ఖాదర్ భాయి సోడా కొట్టు. రోజూ కూర్చునే అదే బెంచీ. ఏమీ తాగకుండా కూర్చుంటే అది బెంచీలా లేదు, పోలీస్ స్టేషన్ బల్లలా ఉంది. విషయం చెప్పాను. తిప్పుతున్న సోడా మిషను చక్రం ఆపేశాడు. అది పాత ఊళ్ళో వాళ్ళ నాన్న కాలం నాటి మిషను.

"ఇన్నేళ్ళు నా చేత్తో నీకు జబ్బు పోశానా, భాయ్?"

నీ చెయ్యి కాదు, నా నాలిక అన్నాను. ఉప్పూ నిమ్మకాయా వేసి, చక్కెర లేకుండా ఒకటి కొట్టి ఇచ్చాడు. బాగానే ఉంది. కానీ అది గొంతు దిగకముందే కన్ను పక్కనున్న ఆరెంజి సీసా మీదకు పోయింది. సారా మానినవాణ్ణి సారా కొట్టు ముందు మజ్జిగ తాగమన్నట్టుంది. ఇక ఏ సోడా వద్దు.

మార్చి 15

మజ్జిగ - పథ్యం తిండి. జీలకర్ర నీళ్ళు - బాలింత గది వాసన. చోడి అంబలి తాగితే క్రేన్ మెట్లెక్కలేను, నిద్రొస్తుంది. సబ్జా గింజల నీళ్ళు పరవాలేదు. బావకి ఓ గ్లాసు ఇచ్చి, ఇవి కప్ప గుడ్లు, ఒంట్లో వేడి లాగేస్తాయని చెప్పాను. రెండో గ్లాసు అడిగాడు, వెధవ.

మార్చి 22

దొరికింది.

మా పెరట్లో తరవాణి కుండ. అత్తగారు పోతూ పోతూ కూతురికి అప్పగించింది. రోజూ గంజీ బియ్యం కడుగూ పోస్తే పులుస్తూ ఉంటుంది. అడుగున పాతది కొంచెం ఉంచి పైన కొత్తది పోస్తారు, ఖాళీ చెయ్యరు. ఇన్నేళ్ళూ ఆ మూల ఎలక చచ్చిందని వెక్కిరించినవాణ్ణి. ఇవాళ డ్యూటీ దిగి, దాహం ఆగక ముంచాను. ఉప్పు, నలిపిన నిమ్మాకు, పచ్చిమిరపకాయ. ముక్కు పుటాల్లోకి జివ్వుమని... సోడాలాగే! పైగా తేనుపు కూడా.

"తానం సెయ్యకుండా కుండలో సెయ్యెట్టీసినావా?" పైడమ్మ గరిటెతో నిలబడి ఉంది.

స్నానం చేసొచ్చి మళ్ళీ తాగాను.

ఏప్రిల్ 10

రేపటికి ఓడ ఖాళీ. కొత్త చిక్కు.

ఓడ ఖాళీ అయిన రోజు గ్యాంగంతా ఖాదర్ భాయి దగ్గర కలర్లు తాగాలి. మొదటి సీసా గోలీ క్రేన్ డ్రైవరే బొటనవేలితో నొక్కాలి, మొదటి గుటక అతనే వెయ్యాలి. వెయ్యకపోతే తరవాతి ఓడలో ఎవడి చెయ్యో కాలో పోతుందని భయం. మా నాన్న కాలం నుంచీ ఇంతే. తాగితే నా నెత్తురు చెడుతుంది. తాగకపోతే వీళ్ళ గుండె చెడుతుంది.

రెండూ చెడకుండా ఒక ఎత్తు వేశాను. ఆరెంజి సీసాలో తరవాణి. రంగుకి చిటికెడు పసుపు. గాలి ఎక్కించకపోతే గోలీ మూతికి నిలవదని ఖాదర్ భాయి కొంచెం ఎక్కించాడు. మిగతా సీసాల్లో కలిసిపోకుండా కొట్టు కిటికీ అరలో విడిగా పెట్టాం.

ఏప్రిల్ 11

కిటికీ అరలో పొద్దుటినుంచీ ఎండ కొడుతుందని ఇద్దరు ముసలాళ్ళకీ తట్టలేదు. పులిసేది సీసాలో ఇంకా పులిసింది.

గ్యాంగంతా నిలబడ్డారు. గోలీ నొక్కాను. సీసా నా చేతిలోంచి లేచినంత పని చేసింది. నా మొహం, ఖాదర్ భాయి గెడ్డం, బావ తెల్ల చొక్కా - అంతా తరవాణే. గెడ్డంలో మెతుకు. ఒక్కడూ నవ్వలేదు. అందరికీ తరవాతి ఓడే కళ్ళ ముందుంది.

బావ పెదవి నాకాడు. ఇంకోసారి నాకాడు.

"ఇది మా యమ్మ కుండ కదేటి?"

అని, నా చేతిలో సీసా చూపించి, ముందు నన్ను తాగమన్నాడు. అడుగున గుక్కెడు మిగిలింది. సగం నేను తాగాను, సగం వాడు తాగాడు. తాగి అటు తిరిగి చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. మొదటి గుటక పడింది కదా, అప్పుడు నవ్వారు అందరూ, కడుపులు పట్టుకుని.

అప్పుడే చెప్పేశాను. ఇకమీదట నా మొదటి గోలీ ఇదే. నచ్చనివాడు క్రేనెక్కి నడుపుకోవచ్చు. ఎవడూ కదల్లేదు.

ఏప్రిల్ 14

ఖాదర్ భాయి బెంచీ చివర చిన్న కుండ పెట్టించాడు నా కోసం. సాయంత్రం నేను పోయేసరికి సగమే ఉంది. బావ మూతి తుడుచుకుంటున్నాడు. మూతి తడెందుకంటే ఉక్క అన్నాడు.

ఏప్రిల్ 23. సోమవారం

నెత్తురు ఇచ్చాను. తగ్గకపోతే ఏం చేస్తావన్నాడు డాక్టరు. అప్పుడు కూడా తరవాణే తాగుతాను, మీ మాట విని మాత్రం కాదు అన్నాను. రుచి చూడమని ఓ సీసా బల్ల మీద పెట్టొచ్చాను. ఎండలో పెట్టొద్దని చెప్పలేదు.

ఏప్రిల్ 24

డైరీ కేబిన్‌లోకే తెచ్చుకున్నాను. ఇంట్లో రాస్తే పైడమ్మ మొహం చూడాలి.

భోజనం వేళ. నెత్తురు రిపోర్టు కోసం బావ డిస్పెన్సరీకి వెళ్ళాడు. కబురు కింద నుంచే చేత్తో చెబుతానన్నాడు. బొటనవేలు పైకంటే నేను పైనే. అరచెయ్యి కిందికంటే సామాను సర్దుకోవాలి.

వచ్చాడు. ఏ సైగా చెయ్యడు. నా భోజనం క్యారియర్ పైకి లాగే తాడుకి ఏదో కట్టి రెండుసార్లు గుంజాడు. లాగాను. ఆరెంజి సోడా. చల్లగా, తడి గోనె చుట్టి.

ఇది సంబరమా, ఓదార్పా? వాడి మొహం ఇంత ఎత్తునుంచి కనపడదు. సీసా ఎంత అందంగా ఉందో... ఇక్కడ చూసేవాడు ఎవడూ లేడు.

బాగా ఊపాను, చెయ్యి నొప్పెట్టేదాకా. అదే తాడుకి కట్టి కిందికి దించేశాను.

అందుకున్నాడు. ఎడమ చేత్తో గుండెకి ఆనించుకున్నాడు. తలెత్తి నన్నే చూస్తున్నాడు. కుడి చెయ్యి జేబులోంచి బయటికి వస్తోంది, బొటనవేలు లేస్తోంది. గోలీ కోసమో, నా కోసమో...