నాన్న చేతుల సినిమా

1998 ఫిబ్రవరి, శనివారం

ఒళ్ళు మండిపోతా ఉండాది, నిద్ర ఎక్కడ పడుతుంది!

ఈరోజు కాలేజీలో స్టూడెంట్లు తీసిన సినిమాలు వేసిరి. నాది ఎనిమిది నిమిషాలది. చిక్కపేటలో మా అంగడిలో నాన్న మైసూరు పేటా కట్టేది తీసినాను, ఉత్త జరీ గుడ్డ ఆయన చేతుల్లో తలపాగా అయ్యేదాకా. నాన్న అంగడి మూసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని చూసేదానికి వచ్చినాడు.

ముందు సన్మానాలంట! ప్రతి పెద్దమనిషికీ శాలువా, హారం, పేటా, పండ్ల బుట్ట, అది చాలదని ఒక్కొక్కరి భాషణం. నా సినిమాలో రెండు మడతలు పడినాయో లేదో, కల్చరల్ సెక్రటరీ సినిమా ఆపి లైట్లు వేసేసినాడు. "అడ్జస్ట్ చేసుకో అప్పా, గెస్టులకు భోజనం టైమయింది" అంటాడు. ఆ గెస్టుల తలల మీద ఉండేవి నాన్న కట్టిన పేటాలే! వాటిని కుర్చీల్లో పడేసి పోయిరి.

బస్సులో నేను ఉడికిపోతా ఉంటే నాన్న నవ్వుతా, "పోనీలేప్పా, నేను కట్టినవి అందరూ స్టేజీ మీద చూసిరి కదా" అన్నాడు. నాకు ఆయన మీద కూడా కోపమొచ్చింది. నాన్న మాత్రం కుర్చీలో నుంచి తెచ్చిన పేటా ఒకటి ఒళ్ళో పెట్టుకొని, నలిగిన మడతల్ని బస్సు దిగేదాకా సవరిస్తానే ఉండాడు.

నా సినిమాలో వాళ్ళు ఆపేసిన భాగం అదే.