సోల్వేగ్ సహాయార్థం ఆదివారం విందు

కాఠ్మాండు,
1986 మార్చి 4

వెర్నా పిన్నికి,

సోల్వేగ్ నమస్కారాలు. నేను కులాసా. నువ్వూ బాబాయీ కులాసా అని తలుస్తాను. మర్యాదలు అయిపోయాయి గనుక అసలు సంగతికి వస్తాను.

మన టోర్విక్ వారపత్రిక నానా తిప్పలూ పడి ఇక్కడికి చేరింది. "ఇరుగూ పొరుగూ" శీర్షిక రాసేది నువ్వే కదా? నా మూడో యాత్రా పుస్తకానికి దేశం మొత్తం మీద పెద్ద బహుమతి వచ్చిందని నీకు పనిగట్టుకుని రాశాను. నువ్వు వేసిందేమిటి? "సోల్వేగ్ హేగెన్ ఊళ్ళో లేదు." అంతే! దాని కిందే ఎల్మర్ లండీన్ గారి పంది తప్పిపోయి దొరికిన వైనం మాత్రం అర పేజీ. పైగా పందికి ఫొటో!

న్యూయార్కు పత్రికలు నన్ను మెచ్చుకున్నాయి. లండన్ వాళ్ళు మెచ్చుకున్నారు. నేను పుట్టిన ఊరు మాత్రం ఒక్క మంచి మాట అనలేదు. బాధగా ఉంది పిన్నీ. నాకు ఇంకేమీ వద్దు, అదొక్కటే కావాలి. వెంటనే సవరణ వెయ్యి.

ఇట్లు,
నీ అక్క కూతురు
సోల్వేగ్

తా.క. పంది ఎలా ఉంది?


టోర్విక్, మిన్నెసోటా,
మార్చి 25

చి. సోల్వేగ్‌ను పిన్ని ఆశీర్వదించి రాయడమేమంటే,

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు, నీ కోపం చూస్తే అదీ కరిగేలా ఉంది. నా శీర్షికకు ఒక పద్ధతి ఉందమ్మా. ఎవరు ఎవరింట్లో భోంచేశారు, ఏం వడ్డించారు, ఈ రెండూ ఉంటేనే అది వార్త. నీ ఉత్తరంలో బహుమతి ఉంది గానీ భోజనం లేదు. పంది అంటావా, అది దొరికింది పాస్టరు గారి వంటింట్లో. అప్పటికే వాళ్ళ రాత్రి భోజనం సగం తినేసింది. ఇక వెయ్యక ఏం చెయ్యను?

అయినా నీ మాట తీసెయ్యలేక, నీ పుస్తకం ముందు పెట్టుకుని సవరణ రాశాను. ఇదిగో: "సోల్వేగ్ హేగెన్ నేపాల్ కొండల్లో ముక్కూ మొహం తెలియని వారింట భోంచేసింది. అన్నం, పప్పు వడ్డించారు. రొట్టె లేదు. రాత్రి మేకల పక్కన పడుకుంది. అంతకు ముందు బొలీవియాలో కూడా ఇలాగే ఎవరింట్లోనో తింది. తనకంటూ ఒక ఇల్లు లేదు." చోటు చాలక బహుమతి సంగతి కత్తిరించాల్సి వచ్చింది.

ఆశీస్సులతో,
పిన్ని

తా.క. పంది కులాసా. నువ్వు అడిగావని చెప్పాను.


లిస్బన్,
మే 2

పిన్నికి,

ఈసారి నమస్కారాలు లేవు.

"తనకంటూ ఒక ఇల్లు లేదు" అని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి? మినియాపొలిస్‌లో నా ఫ్లాటు ఏమైనట్టు? అందులో నేను ఉండకపోతే అది ఇల్లు కాకుండా పోతుందా? ఆ మేకల రాత్రి గురించి నేను ఒక అధ్యాయమే రాశాను. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నది దాన్నే!

నీ పుణ్యమా అని చిన్నప్పటి టీచరు మిస్ ఓస్టర్‌బీ నాకు ఉత్తరం రాసింది. "తిరిగింది చాలు తల్లీ, వచ్చెయ్, మా మేడ మీద గది ఖాళీగానే ఉంది" అని. పాస్టరు గారు ఉన్ని మేజోళ్ళు పంపారు. ఇక్కడ ఎండ మాడ్చేస్తుంటే ఉన్ని మేజోళ్ళా!

పిన్నీ, నిదానంగా చదువు. లిస్బన్‌లో ఒక ధర్మసంస్థ వాళ్ళు రచయితల కోసం పాత భవనం ఒకటి నడుపుతున్నారు. ప్రపంచమంతా గాలించి ఏ ఆరుగురినో పిలుస్తారు. గది, మూడు పూటలా భోజనం ఉచితం. కూర్చుని రాసుకోవడం తప్ప వేరే పని లేదు. ఈ పిలుపు కోసం ఎంతమంది పడిగాపులు పడుతుంటారో తెలుసా? ఇది వెయ్యి. ఉన్నది ఉన్నట్టు వెయ్యి.

ఇట్లు,
ఇల్లూ వాకిలీ ఉన్న
సోల్వేగ్

తా.క. ఆ మేజోళ్ళలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఎవరు అల్లారు?


టోర్విక్,
జూన్ 10

చి. సోల్వేగ్‌కు,

మేమంతా క్షేమం. నువ్వు చెప్పినట్టే ఉన్నది ఉన్నట్టు వేశాను: "సోల్వేగ్ హేగెన్‌ను లిస్బన్‌లో ఒక ధర్మసంస్థ వారు చేరదీశారు. గది, తిండి ఉచితం. తనలాంటి వాళ్ళు అక్కడ మరో ఐదుగురు ఉన్నారు. వాళ్ళకు ఏ పనీ చెప్పరు."

ఇందులో ఒక్క అబద్ధం ఉందేమో చూపించు! చదివి ఊరు ఊరంతా చలించిపోయింది. ఎల్మర్ లండీన్ సంగతి నీకు తెలుసుగా, ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. అలాంటివాడు మా గుమ్మంలోకి వచ్చి, టోపీ తీసి, "హేగెన్ వాళ్ళ పిల్ల అలా అయిపోవడం ఏమీ బాగోలేదు వెర్నా, నా పందిని ఇచ్చేస్తాను" అన్నాడు. దాంతో చర్చి ఆడవాళ్ళం అందరం కూడబలుక్కుని, అక్టోబరు మొదటి ఆదివారం చర్చి కింది హాల్లో నీ సహాయార్థం విందు పెడుతున్నాం. టికెట్లు అప్పుడే అమ్ముడుపోతున్నాయి.

ధైర్యంగా ఉండు.
పిన్ని

తా.క. మేజోళ్ళు అల్లింది నేనే. రెండోది అల్లేటప్పుడు టీవీలో మంచి ఘట్టం వచ్చింది.

ఇంకో తా.క. పందిని చూడాలని ఉంటే అక్టోబరు లోపే రా.


న్యూయార్క్,
సెప్టెంబరు 19

శ్రీమతి వెర్నా బ్రాటెన్ గారికి,

ఇకపై మన మధ్య చుట్టరికం లేదు కనుక గారు అనే రాస్తున్నాను.

నిన్న ఇక్కడ యాత్రా రచయితల సంఘం నన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నా జీవితంలో అంత మంచి సాయంత్రం లేదు. సరిగ్గా అప్పుడే ఒక ముసలావిడ నా పక్కకు వచ్చింది. ఆవిడకు టోర్విక్‌లో చుట్టాలున్నారట, మీ పత్రిక తెప్పించుకుంటుందట! "ఇప్పుడు కాస్త తేరుకున్నావా అమ్మా?" అని నా భుజం నిమిరి, బల్ల మీది రొట్టెలు రెండు రుమాల్లో చుట్టి నా సంచిలో వేసింది. అధ్యక్షురాలి సంచిలో! అందరి ముందూ!

పరువు గంగలో కలిసింది. చాలు. ఆ ఆదివారం నేనే వస్తున్నాను. మీ హాల్లో అందరి ముందూ నిలబడి, ఆ నేపాల్ అధ్యాయం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతాను. ఒక్కరినీ కుర్చీలోంచి లేవనివ్వను. నేను దిక్కులేని మనిషినో, రచయిత్రినో అప్పుడు తేలుతుంది.

ఇట్లు,
సోల్వేగ్ హేగెన్, అధ్యక్షురాలు

తా.క. పంది జోలికి వెళ్ళారంటే మర్యాద దక్కదు.


టోర్విక్,
అక్టోబరు 7

చి. సోల్వేగ్‌కు,

చదవడం ముగించి, కాఫీ అయినా తాగకుండా విసురుగా కారెక్కి పోయావు. "వీళ్ళకు జన్మలో అర్థం కాదు" అన్నావట. అర్థం కానిది నీకు.

కుర్చీలు చాలక మెట్ల మీద కూడా జనం కూర్చున్నారు. పక్క ఊళ్ళ నుంచి గిన్నెల్లో హాట్‌డిష్ కూరలు వండుకుని మరీ వచ్చారు. (పందిని ముట్టుకోలేదు, దాని పేరు చెప్పి గొడ్డుమాంసమే పెట్టాం.) నువ్వు అంత కోపంగా చదువుతుంటే ఒక్క చెంచా చప్పుడు లేదు. చివర ఎవరూ చప్పట్లు కొట్టలేదని నీ బాధ. మనవాళ్ళు ఎప్పుడు కొట్టారు? ఎల్మర్ లేచి "మరీ అంత చెడ్డగా లేదు" అన్నాడుగా! వాళ్ళావిడను పెళ్ళి బట్టల్లో చూసినప్పుడు కూడా అతను అంత మాట అనలేదు.

ఇప్పుడు ఇంకొకటి విను. నీ మూడు పుస్తకాలూ నేను రెండేసి సార్లు చదివాను. బహుమతంటే ఏమిటో నాకూ తెలుసు. నీ మొదటి పుస్తకానికి పేరొచ్చినప్పుడే లైబ్రరీలో సన్మానసభ అని పెద్దక్షరాలతో వేశాను. నువ్వు పెరూలో ఉన్నావు, నొచ్చుకుంటావని రాయలేదు. వచ్చింది నేనూ, మీ బాబాయీ, వాన తగ్గేదాకా ఆగుదామని లోపలికొచ్చిన పోస్టుమాను. మనూళ్ళో ఎవరినైనా పొగుడుతారంటే గడప దాటరు, గొప్పలు వినడమంటే వాళ్ళకు సిగ్గు. అదే ఎవరైనా కష్టంలో ఉన్నారంటే మంచు తుఫానులో కూడా గిన్నె పట్టుకుని వస్తారు. అందుకే నిన్ను కష్టంలో పెట్టాను. ఇక నువ్వంటావా, రా అమ్మా అని పిలిచినన్నాళ్ళూ తీరిక లేదన్నావు. ఒళ్ళు మండగానే పరుగెత్తుకొచ్చావు. అచ్చం మీ అమ్మే.

నువ్వు చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. గర్వంతోనే. ఎవరూ చూడకుండా వంటగదిలోకి పోయి ఏడ్చాను.

వసూలైన డబ్బు నువ్వు పుచ్చుకోవని తెలిసి, ఇంటికొకటి చొప్పున నీ పుస్తకం తెప్పించాం. కొంటే పాపం నీకు నాలుగు రాళ్ళు వస్తాయని అందరూ సరేనన్నారు. ఇప్పుడు టోర్విక్‌లో ప్రతి వంటింటి బల్ల మీదా నువ్వే ఉన్నావు.

ఆశీస్సులతో,
మీ పిన్ని

తా.క. పుస్తకాల మీద నీ సంతకం కావాలని అడుగుతున్నారు. ఈసారికి మామూలుగానే పిలుస్తున్నాను, క్రిస్మస్ లోపల రా. రాకపోతే పత్రికలో నీకు ఏ జబ్బు వెయ్యాలో బాబాయీ నేనూ ఆలోచించుకుంటాం.