కడియం ఉన్న పక్షులు

ట్యూనిస్,
అక్టోబరు 28

మోంజీ మామయ్యకి,

నిన్న మాట మధ్యలోనే ఫోను పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

పక్షులు వచ్చే మడుగులతో మా యూనివర్సిటీ వేసిన పటంలో మన ఊరి ఉప్పుమడుగు ఎందుకు లేదని అడిగారు. నేను రాసిన ప్రోగ్రాం ప్రతి మడుగునీ ఒక చుక్కగా పెడుతుంది. ఒకచోట పరిశోధకులు గుర్తుకోసం కాలికి అంకెల కడియం వేసిన ఫ్లెమింగో ఇంకోచోట కనబడితే, ఆ రెండు చుక్కలకీ మధ్య గీత గీస్తుంది. ఒక్క గీతా లేని చుక్కని తీసేస్తుంది. ఆరేళ్ళుగా మీరు మడుగు దగ్గర లెక్కపెట్టి నాకు పంపిన లెక్కల్లో కడియం పక్షి ఒక్కటీ లేదు.

"కడియాలవి ఏటా ముప్పై నలభై వస్తాయి తల్లీ. వాటిని వేరేవాళ్ళు లెక్కపెట్టేసుకున్నారు గదా. పరాయివాళ్ళ పక్షుల్ని నా లెక్కలో కలుపుకుంటానా?" అని నవ్వారు మీరు.

ఒకే పక్షిని రెండుసార్లు లెక్కపెట్టొద్దని మీకు నేర్పింది నేనే మామయ్యా.

పొద్దున్నే మా ప్రొఫెసరుగారి దగ్గరికి వెళ్ళాను. "మీ మామయ్య నోటిమాటని ఎక్కడ ఎక్కించమంటావు? రాసిన కాగితం ఉంటే తీసుకురా" అన్నారు. ఎక్కణ్ణుంచి తేను? ఆ పటం చూసే ప్రభుత్వం వాళ్ళు మడుగుని ఉప్పు కంపెనీకి ఇచ్చేశారు. సంతకాలు కూడా అయిపోయాయి.

ఈ చలికాలం నుంచి కడియాల మీది అంకెలు కూడా రాస్తాను, మంచి బైనాక్యులర్ పంపమని మీరు నిన్న అన్నారు. మడుగు గట్టు మీదికి కంపెనీ లారీలు వచ్చేశాయని అత్తయ్య చెప్పింది. అయినా బైనాక్యులర్ ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. ఇంక అక్కర్లేదని మీతో అనడం నాకు చేతకాలేదు.

మీ మేనకోడలు