పది నిమిషాల అక్క

మార్చి 2

బీపీ మళ్ళీ పెరిగింది. డాక్టరు మందు మార్చలేదు. పై అంతస్తులో కౌన్సెలర్ ఉంది, ఒకసారి కలవమన్నాడు. నాకేం పిచ్చా అని అడిగాను. ప్రతి చిన్నదానికీ ఇలా మీద పడిపోతుంటే నాకు ఎక్కేలా ఉందమ్మా అన్నాడు.

వెళ్ళాను. మొదటి రోజు పేరు, వయసు రాసుకుని పంపేసింది. రోజూ డైరీ రాయాలట. ఎవరికీ చూపించనక్కర్లేదట. పాతికేళ్ళుగా యూనియన్ మాసపత్రికకు సంపాదకీయాలు రాస్తున్నదాన్ని. ఎవరూ చదవని రాత రాయమంటే, గోడకేసి కేకలు పెట్టమన్నట్టుంది.

మార్చి 5

ఆ అమ్మాయికి ముప్పై కూడా ఉండవు. ఆమె వెనక గోడ మీద పోస్టరు: గతాన్ని వదిలేయండి. గొడవ అక్కడే మొదలైంది.

ఎవరు వదిలేయాలి? వదిలేస్తే ఎవరికి లాభం? ఇరవై ఆరేళ్ళ కిందట బట్టల ఫ్యాక్టరీలో తలుపుకు తాళం వేసి ఉండగా మంటలు లేచి, మా అక్కతో కలిపి పంతొమ్మిది మంది ఆడవాళ్ళు చనిపోయారు. మర్నాడు యజమాని అన్న మాట కూడా ఇదే. జరిగిందేదో జరిగింది, ముందుకు చూద్దామన్నాడు. మరుపును ఆరోగ్యం పేరుతో మనకు అంటగడుతున్నారు, మీరూ అదే పని చేస్తున్నారు అన్నాను.

అన్నీ వింది. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంది. చెప్పాను. అయ్యాక గడియారం చూసి, సరిగ్గా పది నిమిషాలు మేడమ్ అంది. ఎక్కడా తడబడలేదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా మీకు తెలుసు అంది. అయితే ఏంటట అన్నాను. ఆ పొద్దున మీ అక్క మీతో ఏం మాట్లాడిందో మాత్రం చెప్పలేదు అంది.

లేచి వచ్చేశాను.

మార్చి 6

గుర్తులేక కాదు చెప్పనిది.

మార్చి 9

ఒక చోట కూర్చోలేకపోతున్నాను. సంపాదకీయం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇరవై ఒకటిన సంస్మరణ సభ. ఇరవై ఆరో ఏడు. ఎప్పటిలాగే నావి పది నిమిషాలు.

మొదటి ఏడు నలభై నిమిషాలు మాట్లాడాను, ఏడుస్తూ. దిగాక ఒక పెద్దాయన భుజం తట్టి, తగ్గించమ్మా, జనానికి గుచ్చుకోవాలి అన్నాడు. తగ్గించాను. అక్క గురక పెడుతుందని ఉండేది, తీసేశాను. జడ వేస్తూ నెత్తిన మొట్టికాయలు వేసేది, తీసేశాను. సాక్సులు ఎప్పుడూ జత కుదరవు, తీసేశాను. వాదనకు పనికిరానివన్నీ ఒక్కో ఏడూ ఒక్కోటి పోయాయి. చివరికి ఆ పది నిమిషాల్లో అక్క గురించి మూడు వాక్యాలు మిగిలాయి. సెలవు అడిగితే ఇవ్వలేదు. పిడికిళ్ళతో తలుపు బాదింది. ఎవరూ తెరవలేదు.

ప్రతిసారీ హాలు నిశ్శబ్దమైపోతుంది. ఎడిటర్‌గా చెప్తున్నా, మంచి ముగింపు.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అక్క రాదు. ఆ మూడు వాక్యాలు వస్తాయి.

మార్చి 10, మధ్యాహ్నం

రాసేస్తాను.

ఆ పొద్దున అక్కకు జ్వరం. రాలేని రోజు ఇంటివాళ్ళెవరైనా షిఫ్టు మొదలయ్యేలోపు సూపర్‌వైజరుకు సెలవు చీటీ తెచ్చివ్వాలి, లేకపోతే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఫ్యాక్టరీ రూలు అది. అక్క చీటీ రాసింది. ఇచ్చి రావే అంది. ఇరవై నిమిషాల నడక. నాకు కాలేజీ గేటు దగ్గర మీటింగు ఉంది, మాట్లాడాల్సింది నేనే. విషయం, కార్మికుల హక్కులు.

ఒక్కదాని జ్వరం కోసం మీటింగు ఆపమంటావా అన్నాను.

అక్క చీటీ నలిపి కిటికీలో పెట్టింది. చెప్పులు వేసుకుని వెళ్ళింది.

సెలవు అడిగితే ఇవ్వలేదని ఇరవై ఆరేళ్ళుగా చెప్తున్నాను. అక్క వాళ్ళను అడగనేలేదు. ఇవ్వనిది నేను.

రూలు పెట్టింది యజమాని. తాళం వేసింది యజమాని. అందులో ఒక్క అక్షరం తగ్గించను. చీటీ తీసుకెళ్ళనిది నేను. ఈ రెండూ ఒకే పేజీలో రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మార్చి 12

యూనియన్ కార్యదర్శికి చీటీ సంగతి చెప్పాను. కుర్చీ వెనక్కి జరిపాడు. ఇప్పుడెందుకు కామ్రేడ్ ఇవన్నీ అన్నాడు. ఇది వ్యక్తిగతం, సమస్య నిర్మాణంలో ఉంది, వ్యక్తుల్లో వెతకడం ఎదుటివాళ్ళ చేతికి కర్ర ఇవ్వడమే అన్నాడు. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. నా సంపాదకీయమే. పోయిన ఏడు జులై. సొంత వాక్యాలతో తన్నులు తినడం ఇదే మొదటిసారి.

సభకు కాలర్ల పిన్నిని కూడా మీరే పిలవండి అన్నాడు, నేను బయటికొస్తుంటే.

మార్చి 15

కాలర్ల పిన్ని అక్క పక్క మిషను మనిషి. లైనులో కాలర్లు కుట్టేది, అందుకే ఆ పేరు. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఏటా సభలో నా పక్కనే కూర్చుంటుంది. ప్రత్యక్ష సాక్షి అని నేను పరిచయం చేస్తాను. లేస్తుంది, చప్పట్లు కొడతారు, కూర్చుంటుంది. తర్వాత నేను మాట్లాడతాను.

పిన్ని ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు, రెండు గదులు. ఇప్పటికీ స్కూలు యూనిఫాంలకు కాలర్లు కుడుతోంది. కూర్చోకుండానే చీటీ సంగతి చెప్పేశాను.

దారం పళ్ళతో తెంపి, తెలుసులేవే అంది.

ఏం తెలుసు?

అక్క వస్తూనే చెప్పిందట. మా చెల్లికి నా జ్వరం ఆనదర్రా, దేశంలో ఉన్న జ్వరాలన్నీ కలిపితేనే కనిపిస్తుంది దానికి అని. టీ టైములో స్టూలెక్కి, అచ్చం నాలాగే చూపుడు వేలు ఊపుతూ ఉపన్యాసం మొదలుపెట్టిందట. సోదరీమణులారా, ఒక్క ముక్కు కారుతోందని ఉద్యమం ఆగునా అని. లైనంతా పొట్టలు పట్టుకుని నవ్వారట. సూపర్‌వైజరు వచ్చి అరిచినా దిగలేదట. ఒళ్ళు పెనంలా కాలుతున్నా వేషాలకు తక్కువ లేదమ్మా మీ అక్కకి అంది పిన్ని.

అక్కకు నా మీద కోపం లేదా అని అడిగాను. ఎందుకుండదు, సాయంత్రం ఇంటికెళ్ళి దాని జుట్టు పట్టుకుని ఒక్కటిస్తానంది అంది.

తలుపు బాదిందా? పిన్ని కుట్టు ఆపింది. పొగలో ఎవరు బాదారో ఎవరికి తెలుసే, నా చెయ్యి పట్టుకునుంది కాసేపు, తర్వాత లేదు అంది.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు పిన్నీ అన్నాను. అనకూడని మాట అది.

మైకు ఎప్పుడిచ్చావే తల్లీ అంది. సాక్షి సాక్షి అని లేపుతావు, లేచీ లేవగానే కూర్చోమంటావు, మోకాళ్ళు నొప్పులు తప్ప నాకేం మిగిలింది అంది.

గొంతు లేనివాళ్ళ గురించి మూడు వందల సంపాదకీయాలు రాశాను నేను.

మార్చి 16

ఒక్కటిస్తానంది. పొద్దుటి నుంచి ఇల్లంతా ఆ మాట వెంట తిరుగుతున్నాను. అక్క నన్ను క్షమించలేదు. కోపాన్ని సాయంత్రానికి దాచుకుంది. సాయంత్రం ఉంటుందనుకుంది.

మార్చి 18

కౌన్సెలర్‌కి అంతా చెప్పాను. ఈసారి యాభై నిమిషాలు. మధ్యలో రెండుసార్లు ఏం చెప్తున్నానో మర్చిపోయాను. నొప్పి తగ్గిందా అని అడిగింది. తగ్గలేదు, చోటు మారింది అన్నాను. మంచిదే అంది. అదేం మంచి అని మళ్ళీ గొడవ వేసుకున్నాను. నవ్వింది.

మార్చి 21, రాత్రి 8

సభ నుంచి ఇప్పుడే వచ్చాను.

మైకు తీసుకుని ఒక్క నిమిషమే మాట్లాడాను. సెలవు అడిగితే ఇవ్వలేదని ఇన్నేళ్ళూ మీకు చెప్పాను, అది నిజం కాదన్నాను. చీటీ ఇచ్చి రమ్మంటే నేను వెళ్ళలేదన్నాను. చీటీ లేకపోతే జ్వరం కూడా చెల్లని ఫ్యాక్టరీ అది, తలుపుకు తాళం ఉన్న మాట మాత్రం మారదన్నాను. మైకు పిన్నికిచ్చి కూర్చున్నాను. కార్యదర్శి నా వైపు చూడలేదు.

పిన్ని మైకును అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత వేలు ఊపుతూ మా అక్కయింది. అక్క నేనయింది. హాలంతా బిగుసుకుపోయింది. ముందు నవ్వింది వెనక వరసలో, ఇప్పటి ఫ్యాక్టరీల్లో మిషన్లు కుట్టే పిల్లలు. ఆ తర్వాత నేను. వేదిక మీద, నల్ల బ్యానరు కింద, అంతమంది ముందు, పగలబడి నవ్వాను. ముక్కు కారింది.

పది నిమిషాలకు బెల్లు కొట్టారు. ఆగవయ్యా, నేను ఆగలేదా ఇరవై ఆరేళ్ళు అంది పిన్ని. మిగతా పద్దెనిమిది మందినీ వరసగా తెచ్చింది. ఒకామె దారం బాబిన్లు దాచేసేదట. ఒకామె మిషను మీదే కునుకు తీసేదట. ఒకామె అబద్ధం చెప్తే చెవులు ఎర్రబడేవట. వాళ్ళ తాలూకువాళ్ళు కూర్చున్నచోటి నుంచే అందుకున్నారు, కాదు కాదు ఎడమ చెవే అని.

దిగాక కార్యదర్శి వచ్చాడు. ఇది సంస్మరణ సభేనా కామ్రేడ్ అన్నాడు. ఇన్నాళ్ళూ జరిగినవి ఏంటో నువ్వు చెప్పు అన్నాను.

మార్చి 22, ఉదయం

కాళ్ళు ఆగక ఏడింటికే బయటపడ్డాను. పాత ఫ్యాక్టరీ ఉన్న రోడ్డులో ఇప్పుడు ఇంకొకటి ఉంది. షిఫ్టు లోపలికి వెళ్తోంది. మెట్ల వైపు తలుపు తీసి ఉందా అని వాచ్‌మన్‌ని అడిగాను. విసుక్కుంటూ వెళ్ళి చూసొచ్చాడు. తీసే ఉందమ్మా, మీరు పత్రికవాళ్ళా అన్నాడు.

కాదు, చెల్లెల్ని అన్నాను.

ఎవరి చెల్లెలని అడగలేదు.