పదకొండో పేజీలో చింతచెట్టు

పెనుమర్తిపాలెం,
రేపల్లె తాలూకా.
12–11–1967

తెనాలి పాండురంగారావు గారికి నమస్కారాలు.

ముఖపరిచయం లేకుండా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. నా పేరు వీరరాఘవయ్య. వ్యవసాయం. శివరాత్రికి మా ఊళ్ళో జరిగే ఎద్దుల బండలాగుడు పందేల కమిటీకి పెద్దని. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఎర్ర తువ్వాలు ఊపి పందెం మొదలుపెట్టేది నేనే. ఆ తువ్వాలు ఊపితేగాని ఎద్దుల జత అడుగు వెయ్యదు.

మీరు రాసిన ‘గిండీ గుర్రప్పందేల మైదానం: చూడబోయేవారికి దర్శిని’ తెనాలి స్టేషన్లో కొన్నాను. ఎందుకు కొన్నానో చెప్తాను. మా ఇంటావిడ మాణిక్యాంబకి అన్న బసవపున్నయ్య. రెండేళ్ళ కిందట బాపట్ల వదిలి మా ఊరు వచ్చి స్థిరపడ్డాడు. చిన్నతనంలో వాళ్ళ నాన్నతో మద్రాసు వెళ్ళి దొరల గుర్రప్పందేలు చూశాడట. పొద్దున్న లేస్తే అదే మాట. “ఎద్దుల పందెం ఎవడైనా నడుపుతాడు బావా. లోకం చూసినవాడు నడిపితే ఆ తీరే వేరు” అంటాడు. ఈ శివరాత్రికి తువ్వాలు అతని చేతికివ్వాలని కమిటీలో ముగ్గురు అప్పుడే అనుకుంటున్నారు.

అందుకని రోజూ సాయంత్రం మీ పుస్తకం మా అరుగు మీద పైకి చదువుతున్నాను. పదిమందీ చేరి వింటున్నారు. కొన్ని సంగతులు మాత్రం అందులో దొరకలేదు. గుర్రాలకి సుడులు చూస్తారా, చూడరా? ఏ గుర్రం ఏ ఊరిదో రాయలేదు. ఊరి పేరు లేకుండా మైకులో ఏమని పిలుస్తారు? అన్నిటికన్నా ముఖ్యం భోజనాలు. మా దగ్గర పందెం చూడ్డానికి ఎంతమంది వచ్చినా ఊరే వండి పెడుతుంది. పోయినేడు వెయ్యి విస్తళ్ళు లేచాయి. అక్కడి కమిటీవారు వడ్డన ఎన్నింటికి మొదలుపెడతారు? పదకొండో పేజీలో మీరు “గేటు దాటి నలభై అడుగులు వేయగానే కుడివైపున పెద్ద చింతచెట్టు. వచ్చినవారు దాని నీడన ఫలహారము చేయవచ్చును” అన్నారు. విస్తళ్ళు ఆ చెట్టు కిందే వేస్తారా?

వెంటనే జవాబు రాయగలరు.

ఇట్లు,
వీరరాఘవయ్య

తా.క. చింతచెట్టు దగ్గర చదువుతుంటే మా ఇంటావిడ బియ్యంలో రాళ్ళేరుతూ “ఆ చెట్టు ఎప్పుడు నాటారట?” అంది. ఆడవాళ్ళకి పందేల సంగతి ఏం తెలుస్తుంది. మీరు పట్టించుకోకండి.

•

తెనాలి,
18–11–1967

పెద్దలు వీరరాఘవయ్య గారికి పాండురంగారావు నమస్కారములు.

నేను ముప్పై ఏళ్ళు స్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాను. దర్శినులు రాయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు. చదివినవారు ఉత్తరం రాయడం ఇదే మొదలు. పోస్ట్‌మేన్ రెండుసార్లు అడ్రసు చూసి మరీ ఇచ్చాడు.

మీ ప్రశ్నలకు జవాబులు. గుర్రాలకి సుడులు చూస్తారో లేదో కచ్చితంగా చెప్పలేను. కాళ్ళు చూస్తారు. గుర్రానికి ఊరు ఉండదు, యజమాని ఉంటాడు. పేరు కూడా దాని సొంతదే. భోజనాలు అక్కడ ఎవరూ పెట్టరు. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళాక తిండి కూడా మనమే కొనుక్కోవాలి, లేదా పట్టుకెళ్ళాలి. మనవాళ్ళకి ఇబ్బంది కలగకుండా ఉండాలనే చింతచెట్టు పెట్టడం జరిగింది.

మీ అరుగు మీద నా పుస్తకం చదువుతున్నారని విని మా ఆవిడకి చెప్పాను. ఆవిడ నమ్మలేదు. మీ ఉత్తరం చూపించాను.

భవదీయుడు,
పాండురంగారావు

తా.క. చెట్టు వయసు అడిగారు మీ ఇంట్లోవారు. పాతదే అనుకోమనండి.

•

పెనుమర్తిపాలెం,
3–12–1967

పాండురంగారావు గారికి,

మీ ఉత్తరం చేరింది. కొంప మునిగింది.

టిక్కెట్టు పుచ్చుకుని అన్నం పెట్టరని చెబితే అరుగు మీద అందరూ నోళ్ళు తెరిచారు. “గుర్రాలకైనా దాణా వేస్తారా లేదా?” అని అడిగాడు సాంబశివరావు. అతను మా కమిటీలో వయసులో అందరికన్నా పెద్దవాడు. ఇదే సమయమని నేను బావ వైపు తిరిగాను. “అయితే బావా, మీరు ఆ రోజు ఎక్కడ తిన్నారు?” అన్నాను. తడుముకుంటాడనుకున్నాను. రెప్ప వెయ్యకుండా చెప్పాడు.

“ఎక్కడేంటి, చింతచెట్టు కిందే. మా అమ్మ పులిహోర కట్టిచ్చింది.”

అందరూ నా చేతిలో పుస్తకం వైపు చూశారు. అతన్ని పడగొట్టడానికి నేను డబ్బు పెట్టి కొన్న పుస్తకం అతనికే సాక్ష్యం చెప్పింది. ముగ్గురు కాస్తా అయిదుగురయ్యారు. ఆ రాత్రి నాకు తిండి సయించలేదు.

మీకు దణ్ణం పెడతాను. పుస్తకంలో లేనిది, కళ్ళతో చూసినవాడికి మాత్రమే తెలిసేది ఒక్కటి చెప్పండి. దాంతో అతన్ని పట్టుకుంటాను. ఇంకెవరికీ చెప్పకండి.

వీరరాఘవయ్య

తా.క. “ఆ రోజు పులిహోర కాదు, దిబ్బరొట్టె” అని మా ఇంటావిడ గొణిగింది. మూట కట్టింది వాళ్ళమ్మే కాబట్టి గుర్తుండి ఉంటుంది. దిబ్బరొట్టె అయినా పులిహోర అయినా నాకు ఒరిగేదేముంది?

•

తెనాలి,
14–12–1967

వీరరాఘవయ్య గారికి,

మీ ఉత్తరం వచ్చి వారమైంది. ఏం రాయాలో తోచక బజారుకు నాలుగుసార్లు వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాను. మీ బావగారు చింతచెట్టు కింద తిన్నానన్నారా? నిజంగా అన్నారా? సరే.

పుస్తకంలో లేనిది అడిగారు. గుర్రాలు కడిగేచోట, తూర్పు పక్కన, ఒక నుయ్యి ఉంది. ఎర్రరాయి గట్టు. మూడు గిలకలు. అందులో నడిమి గిలక తిప్పినప్పుడు కీచుమంటుంది. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. ఉండే అవకాశం లేదు.

జాగ్రత్తగా వాడుకోండి.

పాండురంగారావు

తా.క. గిలక సంగతి మరీ నొక్కి చెప్పకండి. ఈపాటికి నూనె వేసి ఉండవచ్చు.

•

పెనుమర్తిపాలెం,
2–1–1968

పాండురంగారావు గారికి,

అయిపోయింది. నేనే చెడగొట్టుకున్నాను. “బావా, ఆ నూతికి మూడు గిలకలుంటాయి కదా, కీచుమనేది ఏది?” అని అడిగాను. అతను కళ్ళు మూసుకుని, ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉన్నట్టు తల ఊపి, “నడిమిది” అన్నాడు. అంతటితో ఆగాడా? “నీళ్ళు కొబ్బరినీళ్ళల్లే ఉండేవి” అన్నాడు. ఇప్పుడు కమిటీలో నా వైపు సాంబశివరావు ఒక్కడే ఉన్నాడు. అతనికి చెవుడు, అందువల్ల ఉన్నాడేమో.

నేను ఊరుకోలేదు. మైదానానికే పోయి తేల్చుకుందాం అన్నాను. కమిటీ ఒప్పుకుంది. ఫిబ్రవరి పదో తేదీ శనివారం ఎనిమిది మందిమి బయల్దేరుతున్నాం. గేటు దగ్గర నాకూ బావకీ కళ్ళకు గంతలు కడతారు. ఎవరు తిన్నగా చింతచెట్టు దగ్గరికి నడిచిపోతే తువ్వాలు వాళ్ళది. మీరు నలభై అడుగులని రాశారు కాబట్టి నాకు ధైర్యంగానే ఉంది. రోజూ తెల్లవారుజామున దొడ్లో కళ్ళు మూసుకుని నలభై అడుగులు నడుస్తున్నాను. రెండుసార్లు పేడకుప్పలోకి పోయాను. ఒకసారి గేదె తన్నింది. ఇప్పుడు సరిగ్గా పాకగుంజకి వెళ్ళి తగులుతున్నాను.

న్యాయం చెప్పడానికి మీరూ రావాలి. తెనాలి నుంచి మీకు కూడా టిక్కెట్టు తీయించాం. తొమ్మిదో తేదీ సాయంత్రం స్టేషన్లో ఉండండి. నేను ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని ఉంటాను. గుర్తుపట్టడం తేలిక.

వీరరాఘవయ్య

తా.క. “నన్నూ తీసుకెళ్ళండి, నేనూ చూస్తాను ఆ చెట్టుని” అంటోంది మా ఇంటావిడ. అని నవ్వుతోంది. అంతమంది మగాళ్ళలో ఏం బావుంటుందని వద్దన్నాను.

•

తెనాలి,
9–1–1968

వీరరాఘవయ్య గారికి,

ఈ ఉత్తరం చదివేటప్పుడు మీరు కూర్చుని ఉండాలని కోరుతున్నాను.

నేను గిండీ మైదానంలో అడుగు పెట్టలేదు. 1961లో కంటి ఆపరేషనుకి మద్రాసు వెళ్ళాను. అక్కడ చుట్టాలింటికి వెళ్తూ కరెంటు రైలు కిటికీలోంచి, కట్టు కట్టని కంటితో చూశాను. ఒక గోడ, గోడ అవతల పచ్చగా కొంత. అంతే. మిగతాది ఒక ప్లీడరుగారి గుమస్తా చెప్పగా రాసుకున్నాను. ఆయన కూడా ఎవరో చెప్పగా విన్నాడు.

చింతచెట్టు నాది. క్యారియరు విప్పుకోడానికి నీడ చూపించకుండా మనవాళ్ళని అంత దూరం పంపడానికి నాకు మనసొప్పలేదు. నుయ్యి మీ కోసం తవ్వాను. గిలకలు మూడన్నది అప్పటికప్పుడు తోచింది.

అబద్ధం రాసినందుకు కాదు నా బెంగ. నేను పెట్టిన చెట్టు కింద మీ బావగారు పులిహోర తిన్నారు. నేను తవ్విన నూతిలో నీళ్ళు తాగారు, తియ్యగా ఉన్నాయన్నారు. నాలుగు రోజులుగా ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఒకవేళ నిజంగానే అవి అక్కడ ఉన్నాయేమో? నేను చూడనంత మాత్రాన లేవని ఎలా చెప్పను?

నా టిక్కెట్టు వాపసు చేయించండి. మీ తువ్వాలు పోతే ఆ తప్పు నాది.

పాండురంగారావు

తా.క. మీరు వెళ్ళడం మానకపోతే, చెట్టు గనక కనిపిస్తే, ఒక కార్డుముక్క రాయండి.

•

పెనుమర్తిపాలెం,
20–2–1968

పాండురంగారావు గారికి,

మేం మద్రాసు వెళ్ళలేదు.

మీ ఉత్తరం చదివి మొదట మీ మీద కోపం వచ్చింది. రెండోసారి చదివితే ప్రాణం లేచొచ్చింది. చెట్టు లేనే లేదంటే బావ దాని కింద తినలేదుగా! కమిటీని అరుగు మీదికి పిలిచి, చెట్టు సంగతీ నూతి సంగతీ ఉన్న ముక్క మాత్రం చదివాను. బావ మొహం నల్లబడింది. కానీ అతను తక్కువవాడా? నా చేతిలో కాయితం లాక్కుని పైనుంచి చదివాడు. “అడుగు పెట్టలేదట! ఈ పుస్తకం పట్టుకునా మూణ్ణెల్ల నుంచీ మాకు పురాణం చెప్పావు?” అన్నాడు.

సాంబశివరావుకి అన్నీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. విని, చుట్ట పక్కన పెట్టాడు. “ఒకాయన చూడకుండా రాశాడు. ఒకాయన చూడకుండా చదివాడు. ఇంకొకాయన చూడకుండా తిన్నాడు” అన్నాడు.

నవ్వులు సద్దుమణగలేదు. అప్పుడు మా ఇంటావిడ మజ్జిగ తపేలా తెచ్చి అరుగు మీద పెట్టింది. పెట్టి లోపలికి పోలేదు.

“చెట్టూ లేదు, నుయ్యీ లేదు” అంది. “ఒకటే ఎండ. నాన్న తన కండువా తీసి నా నెత్తిన వేశాడు.”

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మా మామగారికి హైకోర్టులో వాయిదా. కొడుకుని మద్రాసు తీసుకెళ్తానని మాటిచ్చాడు. బయల్దేరే ముందురోజు బావకి ఆటలమ్మ పోసింది. రైలు టిక్కెట్టు దండగవుతుందని కూతుర్ని తీసుకెళ్ళాడు. ఆవిడకి అప్పుడు ఏడేళ్ళు. కేసు మరో రోజుకి పడితే వాళ్ళ ప్లీడరుగారు ఇద్దర్నీ పందేలకి తీసుకెళ్ళాడు.

“తిరిగొచ్చాక అన్నయ్య మూడు రోజులు అన్నం తినకుండా ఏడ్చాడు. పోనీలే అని నేను చూసిందంతా అన్నయ్యకే ఇచ్చేశాను. వెళ్ళింది నువ్వే అను, నేను కాదనను అన్నాను. అనలేదు కూడా. ఈ చెట్టూ నుయ్యీ మాత్రం నేనిచ్చినవి కావు.”

 బావ చిన్నగా అడిగాడు. “దిబ్బరొట్టె అయినా నిజమేనా?”

“నిజమే. నీకు పథ్యమని పెట్టలేదు.”

నేనూ ఊరుకోలేక, “ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?” అన్నాను. “పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయింది. మీరెప్పుడడిగారు?” అంది.

అక్కడితో పోతే బావుండేది. సాంబశివరావు “ఏమ్మా, అక్కడ పందెం ఎట్లా మొదలుపెట్టారు?” అని అడిగాడు. “దొర జెండా ఒక్కసారి కిందికి దించాడు. ఈయన తువ్వాలు మూడుసార్లు విదిలిస్తారు. ఎడమెద్దు బెదిరి పక్కకి లాగేది అందుకే” అంది. కమిటీలో అందరూ తలలూపారు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఎడమెద్దు ఎందుకు లాగుతోందో మాలో ఎవరికీ తట్టలేదు.

నాకూ బావకీ తగువు తేలేదాకా తువ్వాలు ఆవిడ దగ్గరే ఉంచమన్నారు. ఆవిడ దాన్ని ఉతికి, మడతపెట్టి, తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. శివరాత్రి పొద్దున తీస్తానంది. తీసి ఎవరికిస్తుందో చెప్పలేదు. పందెం ఇంకా ఆరు రోజులుంది. బావ రోజుకి రెండుసార్లు వచ్చి చెల్లెలి యోగక్షేమాలు కనుక్కుని పోతున్నాడు. నేను నూతిలో నీళ్ళు తోడి పెడుతున్నాను. మా నూతికి ఒకటే గిలక. కీచుమంటుంది.

మీరు పందేలకి తప్పకుండా రండి. టిక్కెట్టు లేదు, భోజనం ఉంది. ఈసారి చూసి రాయండి.

ఇట్లు,
వీరరాఘవయ్య

తా.క. పుస్తకం మళ్ళీ అచ్చు వేసేటప్పుడు పదకొండో పేజీలో చింతచెట్టు కొట్టేసి, “గొడుగు తెచ్చుకోవలెను” అని వేయమని మా ఇంటావిడ చెప్పింది. రాస్తానన్నాను. రాశానో లేదోనని పక్కనే నిలబడి ఉంది.